తెల్ల రింగు మీద బొట్టు

మా ఆయన పెద్దదినం అయిన మరుసటి ఆదివారం హౌరా పక్క లిలువాలో మన ఆంధ్ర సంఘం వాళ్ళు సంతాపసభ పెట్టేరు. ఇరవై కుర్చీలు వేసేరు, పదిహేడుమంది వచ్చేరు. ఆయన ఆఖర్న పనిచేసిన లేతు షెడ్డు యజమాని మాణిక్‌దా కూడా వచ్చేడు. బెంగాలీ మనిషి, మనకోసమని హిందీలో మాట్లాడేడు. కూర్మయ్య అంత జాగ్రత్త మనిషిని తాను చూడలేదన్నాడు. అంత జాగ్రత్త మనిషీ ఒక్కసారి, విశ్వకర్మ పూజ సంబరంలో, ఆకాశంలోకి వెళ్ళే సామాను మీద తన చేత్తోనే బొట్టు పెట్టేసేడనీ, మర్నాడు తనే ఒప్పేసుకున్నాడనీ చెప్పేడు. అందరూ నవ్వేరు. సంతాపసభలో ఎంత నవ్వొచ్చో అంతే నవ్వేరు. తరవాత సంఘం పుస్తకంలో ఆయన ఫొటో కింద అదే ముక్క అచ్చయింది.

ఆ ముక్క తప్పు. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో, ఆరేళ్ళు ప్రైవేటులో పనిచేసిన టర్నరు తను చేసిన సామానుని తనే పాడుచేసేడని పుస్తకంలో ఉండిపోకూడదు. ఆ బొట్టు పెట్టింది నేను. అది ఎలా జరిగిందో ఇదే పుస్తకంలో వేయమని రాస్తున్నాను.

ఆయన పుట్టింది లిలువా రైల్వే క్వార్టర్సులోనే. మామగారు శ్రీకూర్మం దగ్గర్నించి ఖలాసీగా వచ్చి, కొడుక్కి ఆ దేవుడి పేరే పెట్టుకున్నారు. వర్క్‌షాపులో ఆయన్ని మద్రాసీ అనేవారు, షెడ్డులో బెంగాలీవాళ్ళు కూర్మన్న అనే అర్థంలో కుర్మోదా అనేవారు. రెండింటికీ పలికేవాడు. టర్నరంటే తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. లేతు మిషనులో ఇనుప ముక్క గిరగిరా తిరుగుతుంటే పక్కనుంచి ఉలిలాంటి టూలు ఆనించి, చెక్కి, కావలసిన కొలతకి తెచ్చేవాడు టర్నరు. కొలతంటే దర్జీ కొలత కాదు. వెంట్రుక మందంలో అయిదో వంతు తేడా వచ్చినా ఆయన ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు. అన్నం వదిలేస్తే పనిలో తేడా వచ్చిందనీ, మళ్ళీ అడిగితే బాగా కుదిరిందనీ నేను తెలుసుకునేదాన్ని. నోటితో చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

మా పెళ్ళయిన నాలుగో రోజున బల్ల మీంచి వెర్నియరు తీసి నా చెయ్యి కొలిచేడు. వెర్నియరంటే స్టీలు కొలబద్ద, దానికి రెండు దవడలుంటాయి. పిడికిలి ముడిపించి కొలిచేడు, వేళ్ళు చాపించి ఒక్కో వేలూ కొలిచేడు, చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. నాకు భయమేసింది. సాయంత్రానికి డజను గాజులూ ఒక ఉంగరమూ తెచ్చేడు. అన్నీ సరిపోయేయి. అప్పట్నించి నేను గాజుల కొట్టుకి వెళ్ళలేదు. మాకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఏం జరిగినా ఇద్దరమే సాక్షులం.

రిటైరయ్యేక పదకొండు రోజులు ఇంట్లో ఉన్నాడు. బీరువా కాళ్ళ కింద రేకు ముక్కలు దోపి మట్టానికి తెచ్చేడు. తలుపు గడియలన్నీ విప్పి మళ్ళీ బిగించేడు. చపాతీల పీట ఒకవైపు లోతుగా ఉందన్నాడు. పన్నెండో రోజు పొద్దున్న నేను కేరేజీ కట్టి చేతికిచ్చేను. ఎక్కడికని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. లోకల్ ఎక్కి హౌరాలో దిగి, బేలిలియస్ రోడ్డు వెనక గల్లీలో మాణిక్‌దా షెడ్డులో చేరిపోయి, సాయంత్రం ఖాళీ కేరేజీతో వచ్చేడు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆ షెడ్డుకి మహిత అనే అమ్మాయి వచ్చింది. వరంగల్ పిల్ల. కలకత్తా సాల్ట్ లేకులో పదిమంది ఇంజనీర్లు కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీలో పని. వాళ్ళు ఉపగ్రహానికి ఇంజను చేస్తున్నారు. అందులో ఒక సామాను కోసం పెద్ద ఫ్యాక్టరీలకి వెళ్తే, వెయ్యి చేయించుకుంటేనే చేస్తామన్నారుట. ఈ అమ్మాయికి కావలసింది ఒక్కటే. హౌరాలో ఒక్కటైనా చేసిపెట్టేవాళ్ళున్నారని ఎవరో చెప్తే గొడుగేసుకుని గల్లీ గల్లీ తిరిగింది. మాణిక్‌దా ఆమె చెప్పింది విని, నీ భాష మనిషున్నాడు మాట్లాడుకో అని మా ఆయన ముందు కూర్చోబెట్టేడు. ఆమె తెలుగు ఈయనకి సగం అర్థమయ్యేది, ఈయన తెలుగు ఆమెకి సగం. మిగతా సగం డ్రాయింగు చూసి మాట్లాడుకునేవారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాకు వివరంగా చెప్పేడు. ఇంట్లో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అదే. రాకెట్టు ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్ళి ఒకచోట వదిలేసి ఊరుకుంటుంది. అక్కణ్ణించి తన ఎత్తుకి అది తనే ఎక్కాలి. అందుకు దానికి రెండు ఇంజన్లు. ఒకటి మందుది. మందంటే ఒకరకం రసాయనం, అది భగ్గుమని వేడి గాలై వెనక్కి దూకుతుంది, ఉపగ్రహం ముందుకి పోతుంది. కిలో పంచదార పొట్లం చేతిమీద పెడితే ఎంత బరువో అంత తోపు. కానీ మందు గబగబా అయిపోతుంది. రెండోది కరెంటుది. ఎండకి పలకలు కరెంటు చేస్తాయి. ఆ కరెంటు ఇంకోరకం గ్యాసుని కొంచెం కొంచెంగా, మనం ఊహించలేని వేగంతో వెనక్కి విసురుతుంది. అది ఎంత తోస్తుందని అడిగేను. ఆయన లేచి, పోపుల డబ్బా పక్కనున్న కరివేపాకు ఒక రెబ్బ తీసి నా అరచేతిలో పెట్టేడు.

"ఇంత," అన్నాడు.

"ఇంతేనా?"

"ఇంతే. గానీ ఆగదు. నెలలు నెలలు తోస్తాది."

మరి రెండూ ఎందుకంటే, రైల్వే మనిషి కాబట్టి రైలు మీదే చెప్పేడు. యార్డులో కరెంటు తీగలుండవు. అక్కడ డీజిలింజను పెట్టెల్ని లాగి లైను మీదికి తెచ్చి వదుల్తుంది. అక్కణ్ణించి కరెంటింజను తగిలించుకుని విజయనగరం దాకా పోతుంది. ఇదీ అంతే. మందుతోనే పైదాకా పోవాలంటే మందు మోయడానికే సగం ఉపగ్రహం సరిపోతుంది, ఇంక కెమేరా పెట్టడానికి చోటుండదు. ఉట్టి కరెంటుతోనే పోవాలంటే నెలలు పడుతుంది, ఈలోగా ఏదైనా ఎదురొస్తే గబుక్కున తప్పుకోలేదు. తొందరకి ఒకటి, ఓపిక్కి ఒకటి.

నేను పప్పుని గ్యాసు మీద పొంగు రానిచ్చి తరవాత కరెంటు పొయ్యి మీదకి మార్చేస్తాను, సిలిండరు పదిరోజులు ఎక్కువొస్తుందని. ఆ మాటే అన్నాను. ఆయన కాసేపు పొయ్యిల వైపు చూసి, అదే, అన్నాడు. మర్నాడు మహితకి చెప్పేట్ట. ఆ అమ్మాయి వాళ్ళ కంపెనీకి ఎవరొచ్చినా పప్పుతోనే మొదలెట్టి చెప్తోందని తరవాత తెలిసింది.

మా ఆయనకొచ్చిన పని కరెంటింజనులో ఉండే ఒక రింగు. గ్యాసు వెలిగి బయటికి పోయేది దాని లోపల్నించే. అది ఇనుము కాదు. ఒకరకం తెల్ల రాయిలాంటిది, దానికి పొడుగు పేరుంది, ఆయన ఎప్పుడూ తెల్లది అనేవాడు. సుద్దలా మెత్తగా చెక్కుడుపడుతుంది. ఎంత వేడికైనా చలించదు. కానీ నీళ్ళూ నూనే తగిలితే అద్దుడు కాయితంలా పీల్చేస్తుంది. పీల్చింది లోపలే ఉండిపోతే, పైకెళ్ళి ఇంజను వెలిగించినప్పుడు ఆ వేడికి బయటికొచ్చి ఇంజనుని పాడుచేస్తుంది, లేదా రింగే పగుల్తుంది.

అందుకని లేతు మిషనుకి నూనె చుక్క లేకుండా కడగాలంది మహిత. ఇరవై రెండేళ్ళ నూనె. మూడు రోజులు కడిగేరు. కడిగేక మాణిక్‌దా మిషను వైపు చూసి, తన మేనత్తకి ఆస్పత్రిలో గుండు చేసినప్పుడు ఇలాగే ఉందన్నాట్ట. చుట్టూ ప్లాస్టిక్ పరదా కట్టేరు. మా ఆయనకి చేతులకి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ. ఆఖర్న తలకి నూనె కూడా రాసుకోవద్దంది. బుద్ధెరిగాక కొబ్బరినూనె లేకుండా గుమ్మం దాటని మనిషి నెలా పదిరోజులు ఎండు తలతో తిరిగేడు. జుట్టు చీపురులా నిలబడిపోయేది. పక్కింటి వేదవతి నన్ను పక్కకి పిలిచి, మీ వైపు ఎవరైనా పోయేరా అని అడిగింది.

తెల్లది రెండు ముక్కలే ఉన్నాయి. పైదేశం నించి రావాలి, ఇంకోటి తెప్పించాలంటే పది వారాలు. మొదటిదాన్ని ఇనుముని బిగించినట్టు మిషను దవడల్లో బిగించేసరికి టప్పున పగిలింది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి మజ్జిగన్నం వదిలేసేడు. రెండోదాన్ని పదహారు రోజులు చేసేడు. రోజుకి రెండు గంటలే, చెయ్యి స్థిరంగా ఉన్నంతసేపే. సెప్టెంబరు పదహారు మధ్యాహ్నానికి పూర్తయింది. ఆ రోజు రెండోసారి అన్నం అడిగేడు. మూడోసారి కూడా అడిగేడు.

మర్నాడు విశ్వకర్మ పూజ. మన వైపు దసరాకి పనిముట్లకి చేసే పూజ హౌరాలో సెప్టెంబరు పదిహేడునే చేసేస్తారు. ఆ రోజు ఒక్క మిషను తిరగదు. షెడ్డు షెడ్డులో విగ్రహం, సాంబ్రాణి పొగ, మైకులో పాటలు, కిచిడీ, మేడల మీద గాలిపటాలు. ఆ పొగంతా తెల్లది పీల్చేస్తుందని ఆయనకి భయం పట్టుకుంది. మహిత పద్దెనిమిదిన గాని రాదు. అందుకని కొత్త స్టీలు డబ్బాలో శుభ్రమైన గుడ్డ చుట్టి, మూత బిగించి, రింగుని ఇంటికి తెచ్చేడు. బీరువా పైన పెట్టి, దాన్ని ముట్టకు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నిజానికి నెలరోజులుగా చెప్తూనే ఉన్నాడు. నేను వంట చేసుకుంటూ ఊఁ కొట్టేను.

పదిహేడు పొద్దున్న ఆయన షెడ్డులో పూజకెళ్ళేడు. నేను స్నానం చేసి ఇంట్లో పనిసామాను అంతటికీ బొట్టు పెట్టేను. కత్తిపీట, కుట్టుమిషను, కుక్కరు, ఆయన పాత వెర్నియరు, కరెంటు పొయ్యి. అన్నీ అయ్యేక బీరువా మీద డబ్బా కనపడింది. ఆ రోజు ఇంట్లో బొట్టు లేని పనివస్తువు అదొక్కటే. అందరికన్నా దూరం వెళ్ళేది కూడా అదే. ఉట్టి మొహంతో పంపించడం బాగోదనిపించింది. స్టూలెక్కి దించేను. మూత తీసేను.

పెద్ద కడియమంత ఉంది. తెల్లగా, నున్నగా, నాలుగువైపులా ఒకేలాగ. ఏది ముందో ఏది వెనకో తెలీలేదు. చుట్టూ గ్యాసు వెలిగే సన్న గాడిలో వేలు పట్టలేదు కాబట్టి బయటి గోడకి పెట్టేను. తడి పసుపు, దాని మీద కుంకం. మిగతా వాటికి పెట్టిన బొట్టు పైన ఉంది. ఇది లోపలికి పోయింది. నేను చూస్తుండగానే తడి ఆరిపోయి, రంగు మాత్రం రాతిలో ఉండిపోయింది. అప్పుడు ఆయన నెలరోజులుగా చెప్పిందంతా నాకు ఒకేసారి వినపడింది.

తుడవలేదు. పసుపు మరక తుడిస్తే ఏమవుతుందో వంటింట్లో ఉండేవాళ్ళకి తెలుసు. డబ్బా బల్ల మీద పెట్టి, మూత తీసే ఉంచి, ఎదురుగా కూర్చున్నాను. మూడింటికి ఆయన కిచిడీ ప్రసాదం పట్టుకుని వచ్చేడు. చెప్పులు విప్పేడు. చూసేడు.

"ఏటే ఇది?"

"బొట్టు, మావా."

"అది కనబడతంది. నీళ్ళా, నూనా?"

"నీళ్ళే. పసుపు నీళ్ళు."

"ఎన్ని సుక్కలు?"

"ఒక్కటే. వేలు ముంచి పెట్టినాను."

"ఏ వేలు?"

ఉంగరం వేలు చూపించేను. దాన్ని చూసేడు, తలూపేడు. చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, రింగుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి భూతద్దంతో పావుగంట చూసేడు. మళ్ళీ గుడ్డలో చుట్టి మూత బిగించేడు. తరవాత, కిచిడీ సల్లారిపోతంది రా, అన్నాడు. తిన్నాం. అందులో ఉప్పెక్కువైంది.

మర్నాడు షెడ్డుకి నేనూ వెళ్ళేను. రమ్మనలేదు, వద్దనలేదు. మాణిక్‌దా డబ్బాలోకి చూసి, తలుపు దగ్గరగా వేసి, దీనికింత ఆలోచన దేనికన్నాడు. కుర్మోదా, వెంట్రుకంత గీకెయ్, మచ్చ పోతుంది, ఆ పిల్లకి ఎవరు చెప్పొచ్చేరు, అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు. రంగు లోపలెంత దూరం పోయిందో తెలీదనీ, గీకితే మచ్చ పోతుందో లేదో గాని గోడ మందం తగ్గిపోతుందనీ, మచ్చున్న సామాను ఇవ్వొచ్చు గాని కొలత లేని సామాను ఇవ్వలేననీ మా ఆయన చెప్పేడు. మాణిక్‌దా మళ్ళీ తలుపు తీసేడు.

పదిన్నరకి మహిత వచ్చింది. వారంలో ఆ రింగు పెట్టి ఇంజను వెలిగించి చూడాలి. వెలగకపోతే రాకెట్టులో వాళ్ళ చోటు ఇంకొకళ్ళకి పోతుంది. పది వారాలు ఆగే వీల్లేదు. ఇదంతా ఆ అమ్మాయి అంతకుముందే చెప్పి ఉంది కాబట్టి, మూత తీసినప్పుడు ఎవరికీ కొత్తగా చెప్పవలసిందేమీ లేకపోయింది. చాలాసేపు చూసింది.

"అంకుల్, ఇదేంది?"

"బొట్టమ్మా."

"ఎవరు పెట్టిండ్రు?"

నేను నోరు తెరిచేను. ఆయన ముందే అనేసేడు.

"నానే. పూజ గదా. సెయ్యి ఊరుకోలేదు."

ముప్ఫై అయిదేళ్ళ కాపరంలో ఆయన అబద్ధం ఆడగా నేను వినడం అదే. ఆడ్డం కూడా చాతకాలేదు. ఆ చెయ్యి ఊరుకోకపోవడం షెడ్డులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మహిత ఆయన చేతి వైపు చూసింది, నా వైపు చూసింది, రింగు వైపు చూసింది. సామానుకి ఏం జరిగినా కాయితం రాయాలిట. ఏం జరిగింది, ఎవరు చేసేరు, ఎందుకు చేసేరు. ఇంగ్లీషులో రాసింది, ఆయన సంతకం పెట్టేడు. మాణిక్‌దాకి కూడా ఆ రోజు తెలిసింది అదే. తప్పు ఆయనదేమీ లేదు, విన్నదే సభలో చెప్పేడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు.

ఇంటికెళ్ళే లోకల్లో అడిగేను, ఎందుకలా అన్నావని. టర్నరు చెయ్యి జారిందంటే వాళ్ళు టర్నర్ని ఒక మాటంటారు, సామాను ఇంటికెళ్ళిందంటే షెడ్డుని అంటారు, రేపట్నించి మాణిక్‌కి పనుండదు అన్నాడు. అది నిజమే కావచ్చు. లిలువా వచ్చేక, దిగుతూ, ఇంకోమాట అన్నాడు.

"నీ పేరు ఎందుకు రాస్తారు. నువ్వు టర్నరువి కావు గదా."

మహిత రింగుని తీసుకెళ్ళి, గాలి ఆడే కొలిమిలో పెట్టి, ఎర్రగా కాలేంత వేడిలో ఒక పగలంతా కాల్చింది. తడి పోయింది, పసుపూ కుంకం కాలిపోయేయి. లేత గోధుమరంగు మచ్చొకటి మిగిలింది. అది బయటి గోడకి కాబట్టి మంట తగిలే వైపు కాదు. వేరే రింగు లేదు కాబట్టి ఇదే పెట్టేరు. గాలంతా తీసేసిన పెద్ద డ్రమ్ములో ఇంజను వెలిగించేరు. వెలిగింది. ఆ వీడియో ఆయన ఫోనుకి పంపించింది. గ్యాసు పొయ్యి మంటలాగే నీలంగా ఉంది. ఆయన నలభైసార్లు చూసేడు, మంటని కాదు, దాని చుట్టూ ఉన్న తెల్లదాన్ని. మర్నాడు తలకి నూనె రాసుకున్నాడు.

ఏడాది పైన గడిచేక డిసెంబరులో అది వెళ్ళింది. మొదటివారం మందింజను రెండుసార్లు తోస్తే గబగబా నూట యాభై కిలోమీటర్లు ఎక్కింది. మూడోసారి తొయ్యవలసినప్పుడు ఒక వాల్వు సరిగా మూసుకోక మందు కొంత ఊరికే పోయింది. మిగిలింది ఏదైనా అడ్డొస్తే తప్పుకోవడానికి ఉంచుకోవాలన్నారు. అంటే ఇంకా ఉన్న మూడువందల యాభై కిలోమీటర్లూ కరివేపాకు రెబ్బే ఎక్కించాలి. రెండు నెలలనుకున్న పని ఆరు నెలలయింది. రింగు అన్నాళ్ళు నిలబడాలి.

మహితని కంపెనీవాళ్ళు బెంగుళూరు పంపించేరు, ఉపగ్రహంతో మాట్లాడే చోటు అక్కడుందిట. ప్రతి ఆదివారం పొద్దున్న ఆయన ఫోనుకి ఒక అంకె పంపించేది, ఎంత ఎత్తులో ఉందో. ఆయన ఓకే అని కొట్టేవాడు. రోజుకి రెండు కిలోమీటర్లు. లిలువా నించి హౌరా అయిదు. లోకల్ పదినిమిషాల్లో పోయే దూరం దానికి రెండున్నర రోజులు. మన నెత్తిమీంచి పోతుందా అని అడిగేను. పోతుంది, కనపడదు అన్నాడు. బయటికెళ్ళి చూడలేదు. ఒక ఆదివారం అంకె చూసుకుని, పగిలితే నీ సుక్క దగ్గరే పగుల్తాది, అన్నాడు. అని, ఒక్క క్షణం ఆగి, నా సుక్క, అని దిద్దుకున్నాడు. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. అయినా దిద్దుకున్నాడు.

ఫిబ్రవరి పదకొండు పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని పోయేడు. డాక్టరు గుండె అన్నాడు. ఆ గ్లాసు నేను పెద్దదినం దాకా అక్కణ్ణించి తియ్యలేదు.

తరవాతి ఆదివారం ఆయన ఫోనుకి అంకె వచ్చింది. ఆయన లేడని రాయొచ్చు. ఆయన ఫోనులోంచి ఆ మాట రాయడం బాగోదనిపించింది. ఓకే అని కొట్టేను. ఆ పై ఆదివారం కూడా వచ్చింది. అలా జులై దాకా కొట్టేను. అంకె పెరుగుతుంటే రింగు పగల్లేదని అర్థం. ఆదివారాలు తొమ్మిదింటిదాకా పొయ్యి వెలిగించేదాన్ని కాదు. అంకె వచ్చేక పప్పు పెట్టేదాన్ని.

జులైలో ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టేరు. మహిత. గొడుగూ, సందేశ్ మిఠాయి పొట్లమూ పట్టుకుని ఉంది. గుమ్మంలోనే, అంకుల్ లేడా ఆంటీ అంది. లేడమ్మా అన్నాను. ఎప్పుడొస్తడు అంది. నేను గోడ వైపు చూపించేను. ఫొటో చూసింది. కిందనే కూర్చుండిపోయింది. మంచినీళ్ళిచ్చేను.

"మరి ఓకే అని ఎవరు కొట్టిండ్రు?"

"నానే."

నీళ్ళు తాగి చెప్పింది. గురువారం నాడు ఉపగ్రహం తన ఎత్తుకి చేరిపోయిందిట. రింగు పగల్లేదు, ఇంకా ఏళ్ళు పనిచేస్తుంది. ఆ మాట ఫోనులో కాక ఎదురుగా చెప్పాలని రైలెక్కి వచ్చింది. నేను వింటూ సందేశ్ పొట్లం ఫొటో ముందు పెట్టేను. పెట్టి చెప్పేను.

"ఆ బొట్టు మీ అంకుల్ పెట్టలేదమ్మా. నాను పెట్టినాను."

"తెల్సు ఆంటీ."

ఆ రోజే కొలిమిలో పెట్టే ముందు కంపెనీలో పెద్ద అద్దం కింద పెట్టి చూసిందిట. వేలి గీతలతో సహా ఉందిట. మరక వెడల్పు పదకొండు మిల్లీమీటర్లు. మా ఆయన వేలు పద్దెనిమిదికి తగ్గదు.

"అంకుల్ అన్నీ కొలిచెటోడు. గదొక్కటి మర్చిపోయిండు."

ఆయన మర్చిపోలేదు. ఏ వేలని అడిగి మరీ చూసేడు. నా వేళ్ళ కొలతలన్నీ ముప్ఫై ఆరేళ్ళుగా ఆయన దగ్గరున్నాయి. ఆ చీటీ ఇప్పటికీ వెర్నియరు డబ్బాలో ఉంది. తెలిసీ తను పెట్టేనని చెప్పేడు. ఇది మహితకి చెప్పలేదు. తెలిసినప్పుడు మరి ఎందుకు అలా రాసేవని మాత్రం అడిగేను.

"ఆయన గట్ల చెప్పిండు, సంతకం పెట్టిండు. నేను కాదంటె ఆయన ఇంకో అబద్ధం చెప్పాల్సొస్తదని ఊకున్న. ఆ ఒక్కటి చెప్పనీకే చానా కష్టపడ్డడు."

ఆ కాయితం మార్చమన్నాను. అది ఎప్పుడో మూసేసిన కాయితం, ఎవరూ తీసి చూడరు ఆంటీ అంది. సంతాపసభ గురించి చెప్పేను. సంఘం పుస్తకం తీసి, ఫొటో కింద ముక్క చూపించేను. మహితకి తెలుగు చదవడం నెమ్మది. వేలు పెట్టుకుని చదివింది. చదివి, సంచిలోంచి లాప్‌టాప్ తీసి, పీట మీద పెట్టుకుని తెరిచింది. ఆ కాయితం అందులో గడులు గడులుగా ఉంది. ఒక్కోటీ చదివి నాకు తెలుగులో చెప్పింది, నేను చెప్పింది ఇంగ్లీషులో కొట్టింది.

ఎవరు చేసేరన్న చోట మా ఆయన పేరు తీసేసి నా పేరడిగింది. నా పేరు ముసలమ్మని, ఇంటిపేరుతో సహా చెప్పేను. ఉద్యోగం అడిగింది. టర్నరు భార్య అన్నాను. కారణం అడిగింది. అలవాటు అన్నాను. అన్నీ కొట్టింది. ఆఖరి గడి దగ్గర ఆగింది.

"మళ్ళ గిట్ల కాకుండ ఏం చేసిండ్రు అని అడుగుతది ఆంటీ. ఇది ఖాళీగ ఒదిలితె కాయితం మూసుకోదు. ఏం రాయాలె?"

నేను ఆలోచించేను.

"సామాను ఇంటికి తెచ్చే మనిషి లేడని రాయి."

ఆ అమ్మాయి ఆ మాటే కొట్టింది. కాయితం మూసుకుంది.